కొనుక్కొచ్చిన బొమ్మ.. కొత్త సరుకుగా అమ్మకం!

వీడియో గేముల్లో రెడీమేడ్ చిత్రాల వ్యాపారం
లైసెన్సు ఉన్నా నైతికత ఉందా అన్నదే ప్రశ్న

పెళ్లి ఆల్బమ్ చేయించుకున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. వధూవరుల వెనుక కనిపించే కోటగోడలు, పూలతోరణాలు, ఎగిరే పావురాలు చాలా సందర్భాల్లో ఆ ఫొటో స్టూడియో వారు గీసినవి కావు. డీవీడీల్లో టోకుగా కొని తెచ్చుకున్న రెడీమేడ్ డిజైన్లు. పక్క వీధి పెళ్లికీ అవే, పక్క ఊరి పెళ్లికీ అవే. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. ఫొటోలు తీసి, ముఖాలు సరిచేసి, పేజీలు కూర్చి, ముద్రించి ఇచ్చినందుకు స్టూడియో వారు తమ ప్రతిఫలం తాము తీసుకుంటారు. కానీ అదే డిజైనును చూపించి "ఇది మీ కోసమే ప్రత్యేకంగా గీయించాం" అని నమ్మబలికి, మరో అయిదు వేలు అదనంగా వసూలు చేస్తే..?

సరిగ్గా ఈ ప్రశ్నే వీడియో గేముల ప్రపంచాన్ని దశాబ్దానికి పైగా వేధిస్తోంది. ఇంటింటా సెల్‌ఫోన్, ప్రతి ఫోన్‌లో ఒక గేమ్, ప్రతి గేమ్‌లో ఒక దుకాణం ఉన్న ఈ రోజుల్లో ఆ వివాదం అమెరికా, ఐరోపాల కుర్రకారుకే పరిమితం కాదు. పిల్లవాడు అడిగిన నూట యాభై రూపాయలు ఏ బొమ్మకు పోతున్నాయో తెలియని తల్లిదండ్రులకూ ఇది సంబంధించినదే.

బొమ్మల సంత

గేమ్‌లో కంటికి కనిపించే చెట్టు, ఇల్లు, తుపాకీ, సైనికుడు, చెవికి వినిపించే అడుగుల చప్పుడు అన్నీ ఎవరో ఒకరు తయారుచేయవలసినవే. ఈ విడిభాగాలను ఆ రంగంలో అసెట్లు అంటారు. పెద్ద సంస్థల్లో వీటిని రూపొందించేందుకు వందలాది కళాకారులు పనిచేస్తారు. ఇద్దరో ముగ్గురో కలిసి గేమ్ చేసుకునే చోట అంత స్తోమత ఉండదు. అటువంటి వారి కోసమే ఆన్‌లైన్ అంగళ్లు వెలిశాయి. గేముల తయారీకి తోడ్పడే సాఫ్ట్‌వేర్‌ను అందించే యూనిటీ సంస్థ 2010లో అసెట్ స్టోర్‌ను ప్రారంభించింది. అన్‌రియల్ ఇంజిన్ యజమాని అయిన ఎపిక్ గేమ్స్ 2014లో తన మార్కెట్‌ప్లేస్‌ను తెరిచింది. 2024 అక్టోబరులో దాని స్థానే ఫ్యాబ్ అనే కొత్త అంగడి వచ్చింది.

ఈ అంగళ్లలో కళాకారుడు తన బొమ్మను ఒకరికే అమ్ముకోడు. వాడుకునే హక్కును ఎందరికైనా ఇస్తాడు. యూనిటీ అంగట్లో వచ్చిన ప్రతి 100 డాలర్లలో 70 అతనికి, 30 అంగడికి. ఎపిక్ సంస్థ 2018 జులైలో కళాకారుడి వాటాను 70 నుంచి 88 శాతానికి పెంచింది. అంతేకాదు, 2014 నుంచి జరిగిన అమ్మకాలకు కూడా ఆ తేడాను లెక్కగట్టి చెల్లించడం విశేషం. కొన్నవారు ఆ బొమ్మను తమ గేమ్‌లో పొదిగి, గేమ్‌ను అమ్ముకోవచ్చు. బొమ్మను మాత్రం విడి ఫైలుగా ఇతరులకు అమ్మరాదు. స్థూలంగా నిబంధన ఇంతే.

వ్యవస్థ ఉద్దేశం మంచిదే. చిక్కంతా దానిని వాడుకున్న తీరులోనే వచ్చింది.

అసెట్ ఫ్లిప్ అంటే..

అంగట్లో విడి బొమ్మలే కాదు, దాదాపు పూర్తయిన గేముల మూసలు కూడా దొరుకుతాయి. నేర్చుకునేవారు విడదీసి చూసుకునేందుకు, తమ సొంత ఆటకు పునాదిగా వాడుకునేందుకు ఉద్దేశించినవి అవి. కొందరు ఆ మూసను కొని, పేరు మార్చి, ముఖచిత్రం మార్చి, నేరుగా అమ్మకానికి పెట్టసాగారు. దీనికే అసెట్ ఫ్లిప్ అన్న పేరు స్థిరపడింది.

ఆ పేరు జనం నోట నానడానికి 2014లో వచ్చిన ది స్లాటరింగ్ గ్రౌండ్స్ అనే గేమ్ ఒక ప్రధాన కారణం. డిజిటల్ హోమిసైడ్ అనే చిన్న సంస్థ దానిని కంప్యూటర్ గేముల అతిపెద్ద విక్రయ వేదిక అయిన స్టీమ్‌లో విడుదల చేసింది. జిమ్ స్టెర్లింగ్ అనే విమర్శకులు అది అంగడి సరుకును అతికించిన నాసిరకం ఆట అంటూ వీడియోలో దుయ్యబట్టారు. తయారీదారులు ఆటను బాగుచేసుకోవడానికి బదులు విమర్శకుల మీదికి వెళ్లారు. 2016 మార్చిలో స్టెర్లింగ్‌పై అమెరికాలోని ఆరిజోనా ఫెడరల్ న్యాయస్థానంలో కోటి డాలర్లకు దావా వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో స్టీమ్‌లో తమను విమర్శించిన వంద మంది సామాన్య కొనుగోలుదారులపై కూడా వ్యాజ్యానికి దిగారు. స్టీమ్ యజమాని వాల్వ్ సంస్థ ఆ తయారీదారుల గేములన్నింటినీ వెంటనే తొలగించింది. 2017 ఫిబ్రవరిలో స్టెర్లింగ్‌పై దావా కూడా కొట్టివేతకు గురైంది. డబ్బిచ్చి కొన్నవాడే నోరు మెదిపితే కోర్టుకు ఈడ్చే స్థితి వచ్చిందంటే వ్యవహారం ఎంత దూరం పోయిందో ఊహించవచ్చు.

అసలు విచిత్రం ఏమిటంటే, ఇటువంటి గేముల్లో కొన్నింటిని ఎవరూ ఆడనవసరం లేదు. 2013లో స్టీమ్ ఒక ఆకర్షణను ప్రవేశపెట్టింది. గేమ్ ఆడుతూ ఉంటే చిన్న చిన్న చిత్రాల కార్డులు వస్తాయి. వాటిని ఆటగాళ్లు పరస్పరం అమ్ముకోవచ్చు. ప్రతి అమ్మకంలో గేమ్ తయారీదారుకు కొంత వాటా ముడుతుంది. ఇక చూడండి! ఒక మూసను కొని గేమ్‌గా పెట్టడం, వేలాది ఉచిత తాళాలు సృష్టించుకోవడం, వాటిని బాట్లనబడే నకిలీ ఖాతాలకు పంచడం, ఆ ఖాతాలు ఆట తెరిచి ఊరకే కూర్చుని కార్డులు పోగుచేయడం, ఆ కార్డులను సంతలో అమ్మడం.. ఆటగాడే లేని ఆట! వాల్వ్ సంస్థే 2017 మేలో ఈ బాగోతాన్ని బహిరంగంగా వివరించింది. నిజమైన ఆటగాళ్లు ఉన్నారని నిర్ధారణ అయ్యేదాకా కార్డులు రాకుండా నిబంధన మార్చింది. అదే ఏడాది సెప్టెంబరులో సిలికాన్ ఎకో అనే సంస్థకు చెందిన 173 గేములను ఒక్క వేటుతో తొలగించింది. ఒకే మూసను అటు ఇటు మార్చి పదే పదే గేములుగా వదలడం వారిపై వచ్చిన ప్రధాన ఆరోపణ.

అయినా తలుపు మూసుకోలేదు. 2012లో మొదలైన గ్రీన్‌లైట్ విధానంలో ఏ గేమ్ రావాలో ఆటగాళ్లే ఓటు వేసేవారు. 2017 జూన్‌లో దానిని రద్దుచేసి, గేమ్‌కు 100 డాలర్లు కడితే ఎవరైనా పెట్టుకోగల స్టీమ్ డైరెక్ట్‌ను తెచ్చారు. పేద తయారీదారుకు ఆ రుసుము అందుబాటులోనే ఉంది. మోసగాడికి అంతకన్నా సులభంగా అందుబాటులో ఉంది.

పబ్జీ చెప్పిన సమాధానం

అంగడి బొమ్మ కనిపించిన ప్రతి గేమూ మోసమేనా? కానే కాదు. మన పల్లెల్లో సైతం పేరు మోగిన పబ్జీయే ఇందుకు సాక్ష్యం. 2017లో వచ్చిన ఆ గేమ్‌లోని ఇళ్లు, సామగ్రి పలు చోట్ల అంగడి నుంచి కొన్నవేనని, ఇదీ అసెట్ ఫ్లిప్పేనని కొందరు నిందించారు. 2018లో సంస్థ ప్రతినిధి బహిరంగంగా బదులిచ్చారు. చిన్న బృందంతో పని మొదలుపెట్టినప్పుడు ప్రతి వస్తువునూ స్వయంగా చెక్కుతూ కూర్చుంటే కాలమూ డబ్బూ వృథా అవుతాయని, కొన్న వస్తువులతో పని గడిచే చోట వాటిని వాడి, తమ ఆటకు ప్రత్యేకమైన వాటిపై శ్రమ పెట్టడమే తెలివైన పద్ధతి అని దాని సారాంశం.

వంద మందిని ఒక దీవిలో దించి, చివరికి ఒక్కడు మిగిలేదాకా నడిపించే ఆ ఉత్కంఠను ఎవరూ అంగట్లో కొనలేరు. ఆటగాడు డబ్బిచ్చింది దానికి. మంచం, కుర్చీ ఎవరు చేశారన్నది అతనికి అనవసరం. వంటవాడు కారప్పొడి బయట కొన్నాడని ఎవరూ భోజనం మానుకోరు కదా!

ఇందుకు భిన్నమైన ఉదంతం 2023 డిసెంబరు 7న విడుదలైన ది డే బిఫోర్. స్టీమ్‌లో వేలాదిగా ఎదురుచూసిన ఆ గేమ్ ధర దాదాపు 40 డాలర్లు. వాగ్దానం చేసిన విశాల ప్రపంచం కనిపించలేదని, నగర దృశ్యాల్లో చాలాభాగం అన్‌రియల్ అంగడి సరుకేనని ఆటగాళ్లు ఆరోపించారు. నాలుగే రోజుల్లో తయారీ సంస్థ మూసివేత ప్రకటించింది. కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చారు. 2024 జనవరి 22న సర్వర్లు ఆగిపోయాయి. ఇక్కడా కోపం అంగడి బొమ్మ మీద కాదు, చెప్పినదానికీ ఇచ్చినదానికీ మధ్య ఉన్న అగాధం మీద.

ఒప్పందంలో లేని మూడో మనిషి

విమర్శ వచ్చిన ప్రతిసారీ తయారీదారులు చూపేది లైసెన్సు కాగితం. "డబ్బు కట్టాం, హక్కు ఉంది" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. అయితే ఆ ఒప్పందం కళాకారుడికీ తయారీదారుకూ మధ్య జరిగినది. చివరికి డబ్బు చెల్లించే ఆటగాడు అందులో ఎక్కడా లేడు. కళాకారుడికి అన్యాయం జరగలేదన్నంత మాత్రాన ఆటగాడికి న్యాయం జరిగినట్టు కాదు.

ఈ తేడా పూర్తిగా బయటపడేది గేమ్ లోపలి దుకాణంలోనే. స్కిన్లు అనబడే వేషాలు, ఆయుధాల రంగులు, వాహనాల అలంకారాలు అక్కడ విడివిడిగా అమ్ముతారు. ఉదాహరణకు ఒక తయారీదారు అంగట్లో 30 డాలర్లకు ఇరవై యోధుల బొమ్మల కట్ట కొన్నాడనుకుందాం. గేమ్‌లో పొదిగి, ఒక్కో యోధుడిని 5 డాలర్ల చొప్పున ఆటగాళ్లకు అమ్మాడు. బొమ్మ గేమ్‌లో భాగంగానే ఉన్నంతవరకు సాధారణంగా లైసెన్సు అడ్డురాదు. కానీ మొత్తం గేమ్‌ను అమ్మినప్పుడు కనిపించే కూర్పు, నియమాలు, ఉత్కంఠ అనే సొంత శ్రమ ఇక్కడ ఏది? అమ్ముడవుతున్నది బొమ్మ ఒక్కటే. దానిపై తయారీదారు చేసిన పని ధర చీటీ అతికించడమే. రంగు మార్చి, కదలికలు కూర్చి, ఆటకు అనువుగా మలచి ఉంటే ఆ శ్రమకు విలువ కట్టవచ్చు. అదీ లేకుంటే అది దళారీతనమే అవుతుంది. దళారీతనం నేరం కాదు. కాకపోతే దానికి కళాకారుడి ముసుగు వేయడం తగదు.

అంతకన్నా తీవ్రమైనది "ప్రత్యేకం", "పరిమిత కాలం మాత్రమే", "మరెక్కడా దొరకదు" అన్న ప్రకటన. అంగడి లైసెన్సు ఏ ఒక్కరికో సొంతం కాదు. అదే యోధుడు రేపు మరో పది గేముల్లో ప్రత్యక్షం కావచ్చు. కాబట్టి ఆ ప్రకటన అతిశయోక్తి కాదు, పచ్చి అబద్ధం. భారత వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువును తప్పుగా వర్ణించడం, ముఖ్య సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తాయి.

ఉచిత బొమ్మల సంగతి మరీ సున్నితం. నెదర్లాండ్స్‌కు చెందిన కెన్నీ వంటి వారు తమ చిత్రాలను ఎలాంటి షరతులూ లేకుండా లోకానికి వదిలేశారు. వాటిని యథాతథంగా అమ్ముకున్నా చట్టం పట్టించుకోదు. దానం చేసినవాడు అభ్యంతరం చెప్పకపోయినా, చలివేంద్రంలో నీళ్లు పట్టి సీసాలో పోసి అమ్మినట్టే ఉంటుంది.

లైసెన్సే లేకుంటే..

కొన్నామన్న ధీమా కూడా ఒక్కోసారి చాలదు. అమెరికాకు చెందిన జూడీ జురాసెక్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో గోడలు, రాళ్లు, పగిలిన గాజు వంటి ఉపరితలాల చిత్రాలతో సర్ఫేసెస్ అనే పుస్తకం వెలువరించారు. వెంట సీడీ కూడా ఇచ్చారు. వాణిజ్యానికి వాడాలంటే మాత్రం విడిగా అనుమతి తీసుకోవాలి. జపాన్ సంస్థ కాప్‌కామ్ తన రెసిడెంట్ ఈవిల్ 4 తదితర గేముల్లో ఆ చిత్రాలను అనుమతి లేకుండా వాడిందంటూ 2021లో ఆమె దావా వేశారు. 2020లో హ్యాకర్ల దాడిలో బయటపడిన ఆ సంస్థ ఫైళ్లలో, సీడీలోని పేరుతోనే చిత్రం ఉండడాన్ని ఆమె ఆధారంగా చూపారు. 2022లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో కాల్ ఆఫ్ డ్యూటీ తయారీదారు యాక్టివిజన్, ఆటగాళ్లకు అమ్మజూపిన కుక్కముఖం యోధుడి వేషాన్ని ఉపసంహరించుకుని క్షమాపణ చెప్పింది. అది తన చిత్రానికి నకలని చిత్రకళాకారులొకరు బయటపెట్టడమే కారణం.

చెప్పవలసిన బాధ్యత

స్టీమ్‌లో 2024 జనవరి నుంచి ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. గేమ్‌లోని బొమ్మలు, ధ్వనులు కృత్రిమ మేధతో తయారైతే ఆ సంగతి తయారీదారు వెల్లడించాలి. కొనేవాడు దానిని చదువుకుని నిర్ణయించుకుంటాడు. అంగట్లో కొన్న బొమ్మలకు అటువంటి నిబంధన లేదు. యంత్రం గీస్తే చెప్పాలట, మనిషి గీసినది కొనితెస్తే చెప్పనక్కరలేదట! ఒక్క వాక్యం చాలు. ఫలానా కళాకారుడి బొమ్మలు వాడామని గేమ్ చివరి పేర్ల పట్టికలో రాస్తే కళాకారుడికి గుర్తింపు, ఆటగాడికి సమాచారం రెండూ దక్కుతాయి. చాలామంది నిజాయితీపరులైన చిన్న తయారీదారులు ఎవరూ అడగకుండానే ఆ పని చేస్తున్నారు.

కొన్నవారికి ఉన్న దారులు

స్టీమ్‌లో కొన్న గేమ్ నచ్చకుంటే 14 రోజుల్లోగా, ఆడిన సమయం 2 గంటలు మించకుండా ఉంటే, కారణం ఏదైనా సొమ్ము వాపసు కోరవచ్చు. 2015 జూన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. గేమ్ లోపలి వేషాలకు మాత్రం ఇది అన్నివేళలా వర్తించదు. వాల్వ్ సొంత గేముల్లో 48 గంటల గడువు ఉండగా, ఇతర గేముల్లో ఆయా తయారీదారుల ఇష్టం. ఫోన్‌లో గూగుల్ ప్లే ద్వారా కొన్నవాటికి 48 గంటల్లోగా గూగుల్‌కే అర్జీ పెట్టుకోవచ్చు, ఆ తర్వాతైతే తయారీదారును ఆశ్రయించాలి. తప్పుడు ప్రకటనపై జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. కొనే ముందు ముఖచిత్రాన్ని కాక ఆట సాగే దృశ్యాలను, కొన్నవారి అభిప్రాయాలను చూడడం, అదే తయారీదారు నెల వ్యవధిలో ఎన్ని గేములు వదిలాడో గమనించడం మేలు. వాపసు కోరేవారు గుర్తుంచుకోవలసినది ఒకటే: ఆ 2 గంటల లెక్క ఆట తెరిచిన క్షణం నుంచే మొదలవుతుంది, ఆడకుండా ఊరకే వదిలేసినా సరే.