గడ్డి ఎండిపోలేదు, పురుగు మేసింది

లాన్ గురించి ఎపిసోడ్ చేస్తున్నాం అని చెప్పగానే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "మా గడ్డి గోధుమ రంగులోకి తిరుగుతోంది, ఏ మందు కొట్టాలి?" ఎపిసోడ్‌లో దానికి నేను సూటిగా జవాబు చెప్పలేదు. గడ్డి రంగు మారడానికి నాలుగైదు కారణాలుంటాయి, ఒకదానికి వాడే మందు ఇంకోదానికి పనిచెయ్యదు. కొన్నిసార్లు నష్టం కూడా చేస్తుంది. ఆ పాఠం నాకు ఎలా తెలిసొచ్చిందో ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తా, మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. మాది బెర్ముడా గడ్డి. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఫెస్క్యూ, బ్లూగ్రాస్ పెంచేవాళ్ళకి నేను చెప్పే నెలలు కుదరవు. చూసి కారణం కనిపెట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

రెండేళ్ళ కిందట ఆగస్టు ఆఖర్లో మాట ఇది. అంతకుముందు వారం మంచి వాన పడింది, లాన్ పచ్చగా ఉంది. శుక్రవారం సాయంత్రం ఫెన్స్ పక్కన మంచమంత మేర రంగు మారింది. ఆదివారానికి వెనక లాన్ సగం పోయింది. టెక్సాస్ ఎండ కదా అనుకుని మా ఆయన స్ప్రింక్లర్ టైమ్ రెట్టింపు చేశారు. సోమవారానికి ముందు లాన్ కూడా మొదలైంది. ఆ వారమే హెచ్‌ఓఏ వాళ్ళ ఉత్తరం, రెండు వారాల్లో సరిచేసుకోమని. లాన్ పనిచేసే ఒకాయన్ని పిలిస్తే, కారు దిగి నిలబడే చూసి, "అంతా చచ్చిపోయింది, పీకేసి కొత్త గడ్డి పరవాలి, నాలుగు వేల డాలర్లవుతుంది" అన్నాడు. మేం దాదాపు ఒప్పేసుకున్నాం.

అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. ఖమ్మం దగ్గర మాకు మూడెకరాల చేను ఉంది, మొక్కజొన్న వేస్తారు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి తోచక లాన్ చుట్టూ తిరుగుతుండేవారు. "పొలంలో పీకి పారేసే గరికకి ఇక్కడ నీళ్ళు కట్టి, ఎరువేసి, మళ్ళీ కోయడమేంటమ్మా?" అని రోజూ ఒకే జోకు. జోకేం కాదది, నిజమే. బెర్ముడా అంటే మన గరికే, వినాయకుడికి పెట్టేది. సైనోడాన్ డాక్టిలాన్. బిల్డర్లు ఎక్కువగా పరిచే టిఫ్‌వే 419 అనే రకం దానికీ ఒక ఆఫ్రికా గడ్డికీ పుట్టిన సంకరం, జార్జియాలోని టిఫ్టన్‌లో తయారుచేసి 1960లో విడుదల చేశారు.

లాన్ ఆయన వెళ్ళిపోయాక నాన్న వెళ్ళి పచ్చగడ్డీ పోయిన గడ్డీ కలిసే చోట గొంతుక్కూర్చున్నారు. రెండు చేతులతో గడ్డి విడదీసి చూసి, "ఎండిన గడ్డి ఇట్లుండదమ్మా. ఎండితే ఆకు ఉంటది, చుట్టుకుంటది. దీనికి ఆకేది? ఎవడో మేసిపోయిండు" అన్నారు. రెండు నిమిషాల్లో అరచేతిలో ఒక పురుగు పెట్టుకొచ్చారు. అంగుళం పైనే ఉంది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై లాంటి తెల్ల గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు. "మన కత్తెర పురుగే."

నాకు ఒళ్ళు జలదరించింది. ఈ పేరు మా ఇంట్లో మామూలు పేరు కాదు. ఇది అమెరికా ఖండాల పురుగు, 2016లో ఆఫ్రికాలో కనపడింది, 2018లో కర్ణాటకలో బయటపడి అదే ఏడాది తెలంగాణ, ఆంధ్ర మొక్కజొన్న చేలల్లోకి వచ్చేసింది. మరుసటి ఏడాది నాన్న పంటలో సగం పోయింది. ఇక్కడ దీన్ని ఫాల్ ఆర్మీవర్మ్ అంటారు. పేరు రెండు, పురుగు ఒకటే. ఏ దేశం నుంచి వచ్చిందని టీవీలో చెప్పారో ఆ దేశంలోనే కూతురి పెరట్లో దాన్ని పట్టుకోవడం ఆయనకి ఒక రకంగా సంతోషంగానే ఉందని నా అనుమానం.

ఇది చలికి తట్టుకోలేదు. మా డాలస్ వైపు చలికాలంలో చచ్చిపోతుంది. ప్రతి ఏడాదీ దక్షిణం నుంచి రెక్కల పురుగులు గాలివాటున మళ్ళీ పైకొస్తాయి. రాత్రిపూట లేత రంగు గోడలు, ఫెన్స్, చూరు కింద, వరండా దీపాల దగ్గర వందేసి గుడ్లు ముద్దగా పెట్టి, పైన బూజులాంటి నూగు కప్పుతాయి. కొద్ది రోజుల్లో పిల్ల పురుగులు దిగి గడ్డిలోకి పోతాయి. మొదట్లో అవి తినేది కనపడదు, ఆకు పైపొర గీకి అద్దంలా వదిలేస్తాయి అంతే. జీవితం మొత్తంలో తినేదాంట్లో ఎక్కువ భాగం చివరి నాలుగైదు రోజుల్లోనే తింటాయి. అందుకే శుక్రవారం పచ్చగా ఉన్నది సోమవారానికి మాయమవుతుంది. నీళ్ళు పెడుతున్నా ఇంత వేగంగా ఏ గడ్డీ ఎండదు. అక్కడే మాకు అనుమానం రావాల్సింది. లాన్ మీద అకస్మాత్తుగా పిట్టల గుంపు వాలినా అనుమానించండి. మా ఇంట్లో అది కూడా జరిగింది, పిల్లలు ఫోటోలు తీశారు!

తేల్చుకోవడానికి సబ్బునీళ్ళు చాలు. ఒక గాలన్ నీళ్ళలో రెండు పెద్ద చెంచాల గిన్నెల సబ్బు కలిపి, పచ్చ-గోధుమ అంచు దగ్గర గజం చదరంలో పొయ్యండి. పురుగులుంటే కొన్ని నిమిషాల్లో పైకి పాకుతాయి. చదరపు అడుగుకి మూడు, నాలుగు కనపడితే మందు కొట్టాల్సిందే. పిల్ల పురుగులైతే బీటీ సరిపోతుంది. మావి అప్పటికే పెద్దవి, అందుకని బైఫెంత్రిన్ కొట్టాం. పొద్దు వాలాక కొట్టాలి, అవి మేతకి పైకొచ్చేది అప్పుడే, తేనెటీగలూ తిరగవు. ఆరేదాకా పిల్లల్ని, కుక్కని బయటికి వదల్లేదు. ఈ మందు చేపలకి విషం, వాన మబ్బు ఉంటే కొట్టకండి, కొట్టుకుపోయి డ్రైన్‌లో కలుస్తుంది.

మరి నాలుగు వేల డాలర్లు? ఖర్చవలేదు. ఈ పురుగు తినేది ఆకునే. గరిక ప్రాణం నేల కింద కాడల్లో ఉంటుంది, పొలంలో నాన్న దాన్ని ఎన్నిసార్లు పీకినా పోనిది అందుకే. హెచ్‌ఓఏకి పురుగు ఫోటో జతచేసి నెల గడువు అడిగాం, ఇచ్చారు. మామూలుగా నీళ్ళు పెట్టాం, కొంచెం నత్రజని వేశాం. మూడో వారానికి పచ్చబడింది. అయితే కొత్తగా పరిచిన, వేరు పట్టని గడ్డికి ఈ నమ్మకం లేదు. ఫెస్క్యూ కూడా పాకే రకం కాదు, పోయిన చోట మళ్ళీ విత్తనం చల్లుకోవాలి.

ఇక మిగతా కారణాలు. ఆకు ఉండి, నీలిబూడిద రంగులోకి మారి, నడిస్తే అడుగు గుర్తు అలాగే ఉండిపోతే నీళ్ళు చాలట్లేదు. సిమెంటు అంచుల దగ్గర ముందు మొదలవుతుంది. పట్టుకు లాగితే తివాచీలా చుట్టుకు వచ్చేస్తే వేరు పురుగు, అంటే గ్రబ్స్. మూడు నాలుగంగుళాలు తవ్వి చూడండి, సీ ఆకారంలో తెల్లగా ముడుచుకుని ఉంటాయి. చదరపు అడుగుకి ఐదు దాటితే ఆలోచించాలి. మందు జూన్, జూలైలో పిల్ల పురుగుల మీదే బాగా పనిచేస్తుంది. గుండ్రటి మచ్చలు పెరుగుతూ, ఆకు మొదట్లో కుళ్ళి సులువుగా ఊడొస్తే బూజు తెగులు. సెయింట్ ఆగస్టీన్ గడ్డి ఉన్నవాళ్ళకి శరదృతువులో రాత్రులు చల్లబడ్డప్పుడు ఇది ఎక్కువ. ఇక్కడ మా ఆయనలా నీళ్ళు పెంచారంటే తెగులుకి విందు పెట్టినట్టే. ఏ కాలమైనా తెల్లవారుజామునే నీళ్ళు పెట్టండి, రాత్రంతా ఆకు తడిగా ఉండకూడదు. మా నల్లరేగడి లాంటి బంకమట్టి ఒకేసారి నీరు తాగదు. ఇరవై నిమిషాలు ఏకధాటిగా కాకుండా గంట ఎడంతో రెండు విడతలుగా పెట్టండి.

కలుపు గురించి ఎపిసోడ్‌లో గంట మాట్లాడాను కాబట్టి రెండు మాటలే. క్రాబ్‌గ్రాస్‌కి మొలవకముందే మందు వెయ్యాలి, నేల వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరేసరికి, మాకైతే ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు. చలికాలపు కలుపుకి మళ్ళీ సెప్టెంబరులో. మార్చిలోనే కలుపుమందూ ఎరువూ కలిపిన సంచీ కొని చల్లేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. అప్పటికి బెర్ముడా ఇంకా నిద్రలోనే ఉంటుంది, ఎరువు తినేది కలుపే. రెండుసార్లు కోతకి వచ్చాక, ఏప్రిల్‌లో వెయ్యండి.

ఇంకోటి, గడ్డి కంటే వేగంగా పెరిగి, కాడ వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలుగా తగిలేది మన తుంగ. మన పొలాల్లో ఉండేదానికి ఇది చుట్టం. చేత్తో పీకితే కింద గడ్డలు మిగిలి రెండింతలు వస్తుంది. హాలోసల్ఫ్యూరాన్ ఉన్న మందు వేసవి మొదట్లో, కొత్త గడ్డలు కట్టకముందు కొట్టాలి. ఒకసారికి పోదు. తుంగ బాగా ఉందంటే అక్కడ నీళ్ళు ఎక్కువవుతున్నాయేమో కూడా చూసుకోండి.

నిరుడు ఆగస్టు నడిమి నుంచి వారానికోసారి టార్చిలైటుతో ఫెన్స్, వరండా దీపాలు చూస్తూ వచ్చాను. చూరు కింద మూడు గుడ్ల ముద్దలు దొరికాయి. పాత క్రెడిట్ కార్డుతో గీకి సబ్బునీళ్ళలో వేసి, ఫోటో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. "వెనక ఫెన్స్ కూడా చూసినవా?" అని వెంటనే జవాబొచ్చింది. చూడలేదు. వెళ్ళి చూస్తే అక్కడ ఇంకో రెండున్నాయి.