మనోవ్యాధియు మెదడులోని తెల్లపదార్థమును



అంతవఱకు చక్కగా పనిపాటలు చూచుకొనుచుండిన ఇరువదేండ్ల కుఱ్ఱవాడు క్రమముగా అందఱికిని ఎడమై, ఎవ్వరును లేనిచోట మాటలు వినబడుచున్నవనియు, ఇంటివారే తన్ను చంపజూచుచున్నారనియు చెప్పుట మీలో కొందఱు చూచియే యుందురు. దీనిని గాలి సోకుట యని కొందఱును, తల్లి పెంపకపు దోషమని కొందఱును అందురు. వైద్యులు దీనిని స్కిజోఫ్రీనియా యందురు. ఆ పేరు 1908లో స్విట్జర్లాండు వైద్యుడగు యూజెన్ బ్లాయిలర్ పెట్టినది. ఈ వ్యాధిలో మెదడునందు కలుగు మార్పును, తల తెఱవకయే తెలిసికొను ఉపాయమును గూర్చి నేడు మనవి చేసెదను.

మెదడు పైపొరలోని బూడిదవన్నె పదార్థము నాడీకణములకు నెలవు. లోపలి తెల్లపదార్థము ఆ కణములనుండి వెడలు తంతువుల కట్టలు. తంతువులను మైలిన్ అను క్రొవ్వుపొర చుట్టుకొనియుండుటచే వానికి ఆ తెలుపు కలిగినది. మెదడులో ఒక భాగపు వార్త మఱియొక భాగమునకు చేరుట ఈ దారుల వెంబడినే.

1976లో ఇంగ్లండునందు ఈవ్ జాన్‌స్టన్ మొదలగు వైద్యులు సి.టి. యంత్రముతో చూచి, చిరకాలరోగుల మెదడులోని ద్రవకుహరములు పెద్దవైయుండుట కనిపెట్టిరి. కాని తంతువుల స్థితి ఆ చిత్రములలో తెలియలేదు. అందులకు మార్గమును 1994లో అమెరికాలో పీటర్ బాసర్, డెనిస్ లె బిహాన్ మొదలగువారు ప్రకటించిరి.

దుక్కి దున్నిన చేనిలో నీరు చాళ్ల వెంబడి సులువుగా పారును; అడ్డముగా పారదు. తెల్లపదార్థములోని నీటి కణములును అట్లే తంతువుల వెంబడి హెచ్చుగాను, అడ్డముగా తక్కువగాను కదలును. బలమైన అయస్కాంతముతో పనిచేయు ఎం.ఆర్.ఐ. యంత్రము, కోత లేకయే ఆ కదలికను కొలువగలదు. చాళ్లు చెదరినచో నీరు నలుదెసల ప్రాకును గదా! అట్లే నీటి కదలిక ఒక్క దిక్కును విడిచినచో, అచ్చటి తంతువులలోనో వాని పొరలోనో మార్పు కలిగినదని యూహింతురు.

2018లో పెక్కు దేశముల పరిశోధకులు 1,963 మంది రోగుల చిత్రములను 2,359 మంది ఆరోగ్యవంతుల చిత్రములతో పోల్చిరి. పరీక్షించిన 25 తావులలో 20 తావులందు, రోగులలో ఈ ఏకముఖపు కదలిక కొంచెము తక్కువగా నుండెను. మెదడు రెండు సగములను కలుపు వంతెనవంటి కట్టలో ఆ భేదము స్పష్టముగా కనబడెను.

అట్లని ఒక్క చిత్రము చూచి ఒకనికి ఈ వ్యాధి కలదనిగాని లేదనిగాని చెప్పుటకు వీలులేదు. ఇది సగటులలోని భేదము. ఒక యూరివారి సగటు ఎత్తు వేఱొక యూరివారికంటె కొంచెము తక్కువయైనంత మాత్రమున, ఎదుట నిలిచినవాని ఎత్తు చూచి వాని యూరు చెప్పగలమా? కావున వైద్యుడు రోగితోడను, ఇంటివారితోడను మాటలాడియే వ్యాధిని నిర్ణయించును. చిత్రము తీయించుట ముఖ్యముగా మెదడులో గడ్డలవంటివి లేవని తెలిసికొనుటకే.

అయినను ఈ చిత్రములు మనకొక మాట చెప్పుచున్నవి. రోగియు, వాని తల్లియు నిందార్హులు కారు. ఇది మెదడునకు సంబంధించిన వ్యాధి. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో బంధింపబడిన మనోరోగులు అగ్నిప్రమాదమున తప్పించుకొనజాలక 28 మంది మరణించిరి. గొలుసులు వేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. మీ యూర ఇట్టి బిడ్డ యున్నచో, మొదట వైద్యుని కడకు పంపుడని చెప్పవలసినవారు మీరే. పెద్దల మాట ఇంటివారికి ధైర్యము.