ఒక్క బటన్‌తో వేషము మారదు: ట్యాబ్ ఆటలను గూర్చి అపోహలు – వాస్తవాలు

"ముందు పీసీకి చేసేస్తాము సార్, ట్యాబ్‌కేముండాది, బటన్ నొక్కితే వచ్చేస్తాది" అను మాటను, తిరుపతిలో ఇంజనీరింగు ముగించి, ఉద్యోగమునకై బెంగుళూరికో మద్రాసుకో పోక, ఇద్దరు ముగ్గురు మిత్రులు కూడి ఒక అద్దెగదిలో సొంతముగా రోల్‌ప్లేయింగ్ ఆటను (ఆర్పీజీని) నిర్మింప బూనిన పిల్లల నోట నేను ఎన్ని మారులు వింటినో లెక్కపెట్టలేను. ఈ మాటను మొదట ఎవరు పుట్టించిరో గాని, దీనిని నమ్మి చెడినవారిని కన్నులార చూచితిని. చూచిన పిమ్మట ఊరకుండుట నా వలన కాలేదు.

అట్లు చెడినవారిలో ఇరువురు నాయొద్ద చదువుకొన్నవారే. వారెత్తుకొన్న వస్తువు మన ఊరి గంగజాతర. స్త్రీలను చెరపట్టిన పాలెగాని అంతమొందించుటకు గంగమ్మ దినమున కొక వేషము ధరించి వీథులలో వెదకినదనియు, దాగియున్న పాలెగాడు దొరవేషమును చూచి నిజముగా దొరయే వచ్చెనని నమ్మి వెలికి రాగా వాని తల నరికినదనియు మన పెద్దలు చెప్పు కథను, బైరాగి, బండ, తోటి, దొర వేషములలో ఆటగాడు తానే నడిపించునట్లు వారు మలచిరి. ఏ వేషమునకు ఏ గడప తెరచుకొనునో, ఎవరు నిజము చెప్పుదురో, ఎవరు మొగము చాటు వేయుదురో, అంతయు ఆ వేషమునే అనుసరించి మారును. వేషము వేయుటయే ఆటయైన ఇట్టి క్రీడకు అంతకంటె తగిన కథ నాకు తోచదు. రెండేండ్లలో కంప్యూటరు మీద ముప్పాతిక వంతు పూర్తియయ్యెను. అప్పుడు, వచ్చు జాతర నాటికి ట్యాబ్‌లోను తెత్తుమని పదిమందికి తేదీతో సహా మాట యిచ్చి, నెల దినముల పనియని లెక్క వేసికొని మొదలుపెట్టిరి. పదునొకండు నెలలు గడచినవి. ట్యాబ్ ఆట రాలేదు. చేతిలోనున్న కంప్యూటరు ఆటయు నిలిచిపోయెను. ఒకడు బెంగుళూరికి ఉద్యోగమునకు వెడలిపోయెను.

బటన్ లేదని నేననుట లేదు. ఆటలు నిర్మించు సాధనములైన యూనిటీలో గాని గోడోలో గాని ఆండ్రాయిడ్‌ను ఎంచి నొక్కినచో కొన్ని నిమిషములలో ఒక ఫైలు చేతికి వచ్చును. దానిని ట్యాబ్‌లో ఎక్కించి తెరచినచో ఆట తెర మీద కనబడును. అపోహకు ప్రాణము పోయుచున్నది ఈ కనబడుటయే. కనబడిన దానిపై వేలు పెట్టినప్పుడు గదా సంగతి తెలియును!

కంప్యూటరు ఆర్పీజీ యనునది మౌస్ బాణమును నమ్ముకొని పెరిగిన ప్రక్రియ. బాణమును ఒక వస్తువు మీద నొక్కక ఊరక నిలిపిన చాలు, దాని పేరు, బలము, వెల ఒక చిన్న పెట్టెలో తేలివచ్చును; కుడివైపు నొక్కిన మరియొక పట్టిక తెరచుకొనును. వేలికి ఊరక నిలుచుట యనునది లేదు; అది తాకును, లేదా తాకదు. నా శిష్యుల ఆటలో బైరాగివేషము మీద బాణము నిలిపినచో ఆ వేషముతో ఏ గడపలు దాటవచ్చునో తెలియుచుండెను; ట్యాబ్‌లో తాకీ తాకగనే వేషము మారి, కథ ముందునకు జరిగిపోవుచుండెను. తెలిసికొనుటకు పెట్టిన వేలే నిర్ణయమైపోయెను. దీనిని సరిచేయుటకు ఒక పెట్టెను అటు నుండి ఇటు జరిపిన చాలదు; మొదటి తాకుడు చూచుటకు, రెండవది ధరించుటకు అని విధించి, ఆ విధిని ఆటలోని ప్రతి సంచియందును, ప్రతి అంగడియందును, ప్రతి సంభాషణయందును నెలకొల్పవలెను. అదియును గాక వేలు తాను తాకుచున్న దానినే కప్పివేయును. తాకదగిన గురుతు కనీసము 44 పాయింట్లుండవలెనని ఆపిల్, 48 డీపీలుండవలెనని గూగుల్ నిర్మాతలకు చెప్పుట ఇందువలననే. మన పిల్లలు కంప్యూటరు తెరపై ఇరుకుగా పేర్చిన గురుతులను ఈ కొలతకు పెంచగా సగము తెర వానితోనే నిండిపోయెను.

ఇక సేవ్ మాట. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు లేచునప్పుడు తానే సేవ్ చేసికొని లేచును. ట్యాబ్‌లో ఆట మధ్య వేరొక యాప్‌లోనికి పోయినచో, మెమరీ చాలని వేళ ఆండ్రాయిడ్ వెనుకనున్న ఆటను చెప్పక ఆపివేయును. గంటసేపు తిరిగి పాలెగాని జాడ పట్టిన ఆటగాడు వాట్సాప్ చూచి మరలివచ్చునప్పటికి మొదటి వీథి మొదట నిలిచియుండును. వాడు రెండవమారు ఆ వీథిలో అడుగుపెట్టునని ఆశపడుట వ్యర్థము.

అన్నిటికంటె నన్ను బాధించినది అక్షరముల సంగతి. యూనిటీలో అక్షరములను చూపు టెక్స్ట్‌మెష్ ప్రో మన ఒత్తులను కూర్చలేకపోవుటచే, వారు కంప్యూటరు ఆటలో ప్రతి సంభాషణను బొమ్మగా చేసి అతికించిరి. ట్యాబ్ కొరకు అక్షరమును పెంచబోగా ఆ బొమ్మలన్నియు మసకబారినవి. నిజమైన అక్షరములుగా మార్చబోగా 'శ్రీకాళహస్తి'లోని 'శ్రీ' ముక్కలు ముక్కలయ్యెను, 'తల్లి'లోని లవత్తు క్రిందికి దిగక ప్రక్కన నిలిచెను. తన ఊరి దేవత కథను తన భాషలో చెప్పదలచిన పిల్లవాడు, తల్లి యను మాటయే తెర మీద విరిగి పడియుండగా చూచుచు కూర్చున్న రాత్రి నేను అక్కడనే యుంటిని. గోడో 2023లో వచ్చిన నాలుగవ రూపము నుండి ఒత్తులను, గుణింతములను సక్రమముగా కూర్చుచున్నది. ఈ సంగతి మొదటి దినమున తెలిసియున్నచో వారి తోవయే వేరుగా నుండెడిది.

పైగా పని ఒకసారితో తీరదు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32 బిట్ యాప్‌లన్నియు ఐప్యాడ్‌లో తెరచుకొనుట మానినవి. నిర్మాత తిరిగి ముట్టని ఆట అంతటితో గతించెను. కంప్యూటరులో ఇరువదియేండ్ల నాటి ఆటను నేటికిని ఏదో యుపాయముతో ఆడవచ్చును. ట్యాబ్‌లో ఏటేటా కాపు కాయవలెను. ఆ కాపు ఖర్చును ఎవ్వరును లెక్కలో వేయరు.

దీనిని బట్టి కొందరు వెంటనే రెండవ కొసకు పోయి, ఆర్పీజీకి ట్యాబ్ పనికిరాదనుచున్నారు, అదియు తప్పే. అమెరికాలో సియాటిల్ నుండి 1994 మొదలుగా జెఫ్ వోగెల్ నడుపుచున్న స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ చిన్న సంస్థయే; వారి అవడాన్ 2011లో కంప్యూటరుకు వచ్చిన యేడే ఐప్యాడ్‌కును వచ్చెను. 1999 నాటి కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్, తెగ పెద్దల సలహాలు విని నిర్ణయములు చేయు ఆట, 2011లో ఆపిల్ పరికరములకు చేరి పునర్జన్మ నెత్తెను. ఆ నిర్మాతలే తరువాతి ఆట సిక్స్ ఏజెస్‌ను 2018లో ముందు ఐఓఎస్‌కు ఇచ్చి, మరుసటి యేడు కంప్యూటరుకు తెచ్చిరి. ఈ ఆటలలో వంతు వచ్చువరకు శత్రువు కాచుకొని యుండును, లేదా నిర్ణయము వేలి కొరకు నిలిచియుండును. హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో వెలువరించిన అసుర వంటి క్షణక్షణ యుద్ధక్రీడను తాకుతెరకు తెచ్చుట వేరొక పని. ఏ ఆట, ఏ లయ అని చూడక "ఆర్పీజీ" యని ఒకే గాట కట్టుట అవివేకము. గంగజాతర ఆట మొదటి జాతికి చెందినది. ట్యాబ్ దానికి సహజమైన చోటు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచిన పిమ్మట, పలమనేరు, పుంగనూరు ప్రక్క పల్లెలలో కంప్యూటరు ఎరుగని ఇండ్లు కూడ ఫోనుకంటె పెద్ద తెరను చూచినవి. ఆ ఇండ్లకు మన కథ చేరవలెనన్న తోవ అదియే.

ట్యాబ్ ఆటగాడు దీర్ఘకథ చదువడనుట అబద్ధము. కీబోర్డు లేనిదే ఆర్పీజీ లేదనుట పాతకాలపు పట్టుదల. తెర చిన్నదైన కథయు చిన్నదగుననువారికి సమాధానము చెప్పుటకు నాకు ఓపిక లేదు.

అయితే ఒక్క మాటను మాత్రము ఇష్టము లేకయే ఒప్పుకొందును. ట్యాబ్‌లో ఎవరును డబ్బు పెట్టి ఆట కొనరనుదురు. మన దేశములో ఆండ్రాయిడ్ మీద ఇది చాలవరకు నిజమే. రెండువందల రూపాయల ఆట ముందు నిలిచి వెనుదిరుగు చేతులను నేను చూచుచునే యున్నాను. ఆపిల్‌కు ఏటేటా 99 డాలర్లు, గూగుల్‌కు ఒక్కమారు 25 డాలర్లు రుసుము కట్టవలెను. 2021 నుండి చిన్న నిర్మాతల యొద్ద ఇరువురును అమ్మకములో నూటికి 15 మాత్రమే తీసికొనుచున్నారు గాని, అమ్మకమే లేనప్పుడు ఆ తగ్గింపు ఏమి చేయగలదు? కావున ట్యాబ్ డబ్బుతో గది అద్దె కట్టుదమనుకొనువాడు మొదట కంప్యూటరు ఆటను ముగించి అమ్మవలెను; లేదా తొలి వేషమును ఉచితముగా ఇచ్చి, తక్కిన కథకు ఒక్కమారు వెల అడుగవలెను. రత్నములు, నాణెములు అమ్మి పిల్లల జేబులు ఖాళీ చేయు తోవను మాత్రము త్రొక్కవద్దు.

అమ్మకము ముందు కంప్యూటరులోనే యైనను, ఈ పనికి పూనుకొనువారు ట్యాబ్ రూపమును చివర చేయు పనిగా గాక మొదటి వారపు పనిగా ఎంచుకొనుడు. సొంత ఐప్యాడ్‌లో గాక, మెమరీ తక్కువైన చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌నొకదానిని కొని దానిలోనే పరీక్షింపుడు. ప్రతి గడప దాటినప్పుడును ఆట తనంత తానే సేవ్ కావలెను. ఒక్క వాక్యము వ్రాయుటకు ముందు 'శ్రీ'యు 'తల్లి'యు తెర మీద సరిగా నిలుచునో లేదో చూడుడు. ఒక్క తెరను పూర్తిచేసి, ఆట లెరుగని పెద్దవారి చేతికిచ్చి, మీరు నోరు మెదపక కూర్చుండుడు.

ఊరిలో మిగిలిన శిష్యుడు గడచిన నెల అట్లే ఒక్క తెర పట్టుకొని మా యింటికి వచ్చెను. మా అమ్మ అద్దములు సవరించుకొని బైరాగివేషము మీద వేలు పెట్టెను. ఏ గడపలు తెరచుకొనునో పెద్ద అక్షరములతో వచ్చెను. ఆమె చదువుకొని, మరల తాకెను. అప్పుడు వేషము మారెను. ఆట ఎప్పటికగునని ఆమె అడిగినది. ఈసారి వాడు తేదీ చెప్పలేదు.