సాధనే సంగీతం

‘అభ్యాసం కూసు విద్య’ అని పెద్దల మాట. ఏ విద్య అయినా అభ్యాసం వల్లనే పట్టుబడుతుంది. అయితే దేనిని, ఏ క్రమంలో అభ్యసించాలి? ఈ ప్రశ్నకు పాశ్చాత్య వాయులీన విద్వాంసులు చెప్పిన సమాధానమే ‘ఎట్యూడ్’. ఫ్రెంచి భాషలో ఈ మాటకు అధ్యయనం అని అర్థం. పక్కవాద్యం లేకుండా వాయులీనం ఒక్కదాని మీదనే వాయించుకోవడానికి కూర్చిన చిన్న రచన ఇది.

వీణకు ఉన్నట్లు వాయులీనానికి మెట్లు ఉండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం శ్రుతి తప్పుతుంది. ఎడమచేతి వేళ్లు స్వరస్థానాలను పట్టుకుంటుండగా కుడిచేయి కమానును నడపాలి. కమాను వేగం, ఒత్తిడి, అది తీగను తాకే చోటు - వీటిలో ఏది మారినా నాదం మారుతుంది. కచేరీ రచనలో ఈ కష్టాలన్నీ కలగలిసి ఎదురవుతాయి. సాధన రచన వాటిని విడదీసి, ఒక్కొక్క కష్టాన్ని ఒక్కొక్క పాఠంగా మలుస్తుంది. తోడు వాద్యం లేనందువల్ల దోషం దాగడానికి చోటుండదు. వాయించేవాడే శ్రోత, వాయించేవాడే విమర్శకుడు.

ఫ్రెంచి విప్లవానంతరం 1795లో పారిస్‌లో కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయం ఏర్పడింది. ఎందరో విద్యార్థులకు ఒకే క్రమంలో బోధించవలసిన అవసరం కలిగింది. అక్కడి ఆచార్యులలో రొడోల్ఫ్ క్రోయిట్జర్ (1766-1831) ఒకరు. ఆయన సాధన రచనలు నేడు 42గా ప్రచారంలో ఉన్నాయి. మొదటి దానిలో కమానును నెమ్మదిగా, నిలకడగా లాగడమే పాఠం. రెండవ దానిలో స్వరాలు సమవేగంతో సాగిపోతాయి. వాటినే కమానును రకరకాలుగా నడుపుతూ వాయించాలి. పక్కపక్క స్వరాలను అతివేగంగా మార్చి మార్చి పలికించడం కొన్నింటి లక్ష్యం. రెండు తీగలను ఒకేసారి పలికించడం చివరి వాటి లక్ష్యం.

క్రోయిట్జర్ రంగస్థలం కోసం ఎన్నో ఒపెరాలు, కచేరీల కోసం 19 కన్చెర్టోలు రచించాడు. అవి నేడు అరుదుగా వినిపిస్తాయి. విద్యార్థుల కోసం రాసినవి మాత్రం రెండు శతాబ్దాలుగా దేశదేశాల విద్యార్థుల చేతుల్లో నిలిచి ఉన్నాయి. చప్పట్ల కోసం రాసినవాటి కంటే గది మూలలో సాధనకు రాసినవే చిరంజీవులయ్యాయి.

ఇటలీకి చెందిన నికోలో పగనీని (1782-1840) ఈ ప్రక్రియను మరొక మెట్టు ఎక్కించాడు. 1820లో అచ్చయిన ఆయన 24 ‘కాప్రీసు’లు కళాకారులకే అంకితమయ్యాయి. చివరిదానిలో ఒకే స్వరరచన పలు రూపాలు ధరిస్తుంది. ఒకచోట ఎడమచేతి వేళ్లతోనే తీగను మీటవలసి వస్తుంది. లిస్ట్, బ్రామ్స్, రహ్మానినోవ్ వంటి మహనీయులు ఆ స్వరరచనను ఆధారం చేసుకొని కొత్త కృతులు నిర్మించారు. సాధన కోసం పుట్టిన ప్రక్రియ సభలను అలరించింది.

ఈ పరిణామం మనకు కొత్తది కాదు. కర్ణాటక సంగీతంలో అభ్యాసగానం, సభాగానం అనే విభజన ఉంది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అభ్యాసగానం. కీర్తనలు సభాగానం. వర్ణం రెండింటికీ చెందుతుంది. విద్యార్థి దానితో గొంతును, చేతిని సిద్ధం చేసుకుంటాడు. విద్వాంసుడు దానితోనే కచేరీ ప్రారంభిస్తాడు. పందొమ్మిదో శతాబ్దారంభంలో బాలుస్వామి దీక్షితులు వంటివారి కృషితో వాయులీనం మన సంగీతంలో ప్రవేశించింది. వాద్యాన్ని పట్టే తీరు మారింది, పలికే సంగీతం మారింది, సాధన ధర్మం మాత్రం మారలేదు.

అయితే ఆవృత్తి మాత్రమే సాధన కాదు. తప్పును నూరుసార్లు వాయిస్తే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది. అందుకే ముందు నెమ్మదిగా వాయించాలి, విని దోషం గుర్తించాలి, సరిదిద్దుకొని ఆ తరువాతే వేగం పెంచాలి. చెవి మేలుకొని ఉన్నప్పుడే చేతికి విద్య అబ్బుతుంది. పరీక్ష ముందురోజు పుటలు తిరగవేసే విద్యార్థి గుర్తుంచుకోవలసిన సత్యం ఇదే. ఎవరూ వినని వేళ శ్రద్ధగా పలికించిన స్వరమే అందరూ వినే వేళ ఆదుకుంటుంది.