నాటకానికి పాత పనిముట్లు

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రాసిన ‘మా భూమి’ వంటి నాటకం అమెరికాలో వేయాలంటే మాటలు కంఠస్థం చేయడం ఒక ఎత్తు, రైతు చేతికి పనిముట్లు ఇవ్వడం ఒక ఎత్తు. హార్డ్‌వేర్ షాపులో కొన్న గొడ్డలి, పార వార్నిషుతో నిగనిగలాడుతూ కొత్త పెళ్ళికొడుకుల్లా ఉంటాయి. వాటిని చూసి ముందు వరుసలో కూర్చున్న మన పెద్దవాళ్ళు నవ్వితే తప్పు వారిది కాదు.

పాతదనం అంటే తుప్పేనని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నిత్యం మట్టిలో దిగే పార అంచు వెండిలా మెరుస్తుంది. దానికి తుప్పు పట్టే తీరిక ఏది? నలుపూ తుప్పూ ఉండేది పైన, కామ దిగే చోట. కొడవలికి కక్కు అరిగితే రైతు కమ్మరి దగ్గరికి పరుగెడతాడు. నిలువెల్లా తుప్పు పట్టిన కొడవలి ఇచ్చామంటే అతను సోమరి అని ప్రేక్షకులకు చెప్పినట్టే.

మేము అనుసరించే పద్ధతి ఇది. ముందుగా వార్నిషునీ నూనెనీ గరుకు కాగితంతో, సబ్బు నీళ్ళతో పోగొట్టాలి. వెనిగర్ రాసి గంట తరువాత తుడిచి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడులో కాస్త ఉప్పు వేసి చల్లితే కాసేపట్లోనే ఎర్రబారుతుంది. చాలనుకోగానే కడిగి ఆరబెట్టి, నూనె పూసి, అంచును మళ్ళీ మెరిపించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఈ శ్రమ వృథా.

ఇక్కడి కామలు ఎక్కువగా హికరీ, యాష్ కర్రవి. వార్నిషు గీకి, చిక్కటి టీ డికాక్షన్ పట్టించి, ఆరాక, స్టీల్ ఊల్ నానబెట్టిన వెనిగర్ పూయాలి. టీలోని టానిన్‌తో ఇనుము కలిసి కర్ర నల్లబడుతుంది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకున్న కిటుకూ ఇదే! చేయి పట్టే చోటు మాత్రం నున్నగా రుద్ది, లిన్సీడ్ నూనె పట్టించండి.

వైద్యులం కనుక నాలుగు మాటలు. వెనిగరునూ పెరాక్సైడునూ ఒకే సీసాలో పోయకండి. పుట్టే ఆమ్లం కళ్ళకూ ఊపిరితిత్తులకూ హాని. బ్లీచు, వెనిగరు కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలోని క్రిములు గాయంలోకి చేరితే వస్తుంది. టీకా వేయించుకుని 10 ఏళ్ళు దాటినవారు రిహార్సల్సుకు ముందే మళ్ళీ వేయించుకోవాలి. లిన్సీడ్ నూనె గుడ్డలను ఉండచుట్టి పారేస్తే వాటంతట అవే అంటుకోగలవు. ఆరుబయట పరిచి ఆరనివ్వండి. అన్నిటికన్నా ముందు అంచులను ఆకురాయితో మొద్దు చేయండి, రంగం వెనుక పిల్లలు తిరుగుతుంటారు.