ఇల్లు లేని యిల్లాండ్రు

మన భాషలో భార్యకు ఇల్లాలని పేరు. ఇంటికి ఆలు గనుక ఇల్లాలు. ఇల్లే లేనిచో ఆ పేరునకు అర్థమేమున్నది? అయినను మన కన్నుల యెదుటనే ఇల్లు లేని యిల్లాండ్రెందఱో సంసారములు సాగించుచున్నారు. పొయ్యి గలదు, పిల్లలు గలరు, వేళకు వండి పెట్టవలసిన మగడు గలడు. గోడయు తలుపును మాత్రము లేవు. వారినిగూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని కొంతకాలముగా మేము తలంచుచున్నాము.

అందులకు కారణమొకటి గలదు. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. బదిలీ యైనప్పుడెల్ల అద్దె యింటికై వెదకికొనుట మాకు అలవాటే. పదునాలుగేండ్ల కాపురములో ఆఱిండ్లు మాఱినాము. గోడకు మేకు కొట్టరాదనువారును, చుట్టములు వచ్చినచో బావిలోని నీరు తఱుగుచున్నదని గొణుగువారును మా యింటి యజమానులైరి. ఇవియే పెద్ద కష్టములని మేము భావించుచుంటిమి. రెండేండ్ల క్రిందట, మా యింట పాత్రలు తోమునామె గుడిసెను వీథి వెడల్పు చేయుటకై తొలగించిరి. మఱునాటి యుదయమున ఆమె యొక రేకు పెట్టెను నెత్తిపై నిడికొని వచ్చి, "అమ్మగారూ, నాలుగు దినాలు దీన్ని మీ వసారాలో ఉంచండి. రేషను కార్డూ, పిల్లల బడి కాగితాలూ ఇందులోనే ఉన్నాయి" అని చెప్పెను. ఆ పెట్టె నేటికిని మా వసారాలోనే యున్నది. ఆమె కాలువ గట్టున పట్టా కప్పిన నీడలో కాపురము చేయుచున్నది.

ఇట్టివారికి ఇల్లెట్లు సమకూడును? ధర్మాత్ములెవరైన కట్టి యిత్తురా? ప్రభుత్వమే యియ్యవలెనా? లేక వారే కట్టుకొనగలరా? ఆ పెట్టెను చూచినప్పుడెల్ల ఈ ప్రశ్న మమ్ము వేధించుచుండెను. ముంబయి నగరపు కాలిబాటలపై నివసించిన స్త్రీలు దీనికొక సమాధానము చెప్పిరి. దానినే యిచ్చట వివరింతుము.

ముంబయిలో బైకుల్లా యను పేట గలదు. దాని చెంతనే కామాఠిపురము. తెలుగుదేశమునుండి తరలిపోయి అచ్చట కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరనే ఆ పేట వెలసినది. నగరమును కట్టినవారికి ఆ నగరముననే ఇల్లు కఱవగుట నేటి మాట కాదు. బైకుల్లా వీథుల ప్రక్కన గోనెపట్టాలతోను, చెక్క ముక్కలతోను గుడిసెలు వేసికొని వేలకొలది కుటుంబములు జీవించుచుండెను. 1981 జులై మాసమున, వానలు కురియుచుండగనే, కాలిబాటలవారిని తొలగించి స్వగ్రామములకు పంపివేయుదుమని రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించెను. పత్రికారచయిత్రి యగు ఓల్గా టెలిస్ మొదలగువారు సుప్రీం కోర్టు నాశ్రయించిరి. 1985 జులై 10వ తేదీన తీర్పు వచ్చెను. జీవించు హక్కులో జీవనోపాధి హక్కు గూడ ఇమిడియున్నదని న్యాయమూర్తులు ఘనముగా పలికిరి. కాని కాలిబాట నడచువారిదే యనియు, వానకాలము గడచిన పిమ్మట గుడిసెలను తొలగింపవచ్చుననియు నిర్ణయించిరి. సిద్ధాంతము పేదలకు దక్కినది, నేల దక్కలేదు.

ఆ పేటలోనే, మునిసిపల్ వైద్యశాలకు చేరిన యొక మోటారు కొట్టములో, షీలా పటేల్ మొదలగువారు 1984లో స్థాపించిన స్పార్క్ అను సేవాసంఘము పని చేయుచుండెను. తీర్పు వచ్చిన యేడే వీరు కాలిబాటల కుటుంబములను లెక్కింపసాగిరి. సుమారు 6,000 కుటుంబములను లెక్కించి ఆ వివరములను పుస్తకముగా ప్రకటించిరి. అంతవఱకు వారిని సోమరులనియు దొంగలనియు జనులు తలంచుచుండిరి. లెక్క వేయగా పెక్కుమంది కఱవు ప్రాంతములనుండి వచ్చిన కూలీలనియు, పనిచోటికి నడచిపోవుటకై చెంతనే కాపురముండిరనియు తేలినది. లెక్కకు రానివాని గోడు ఎవరికిని వినరాదు. లెక్కలో చేరుటయే వారి యింటికి వేసిన మొదటి రాయి.

ఆ తరువాత మూడు సంఘములు చేయి కలిపినవి. మొదటిది స్పార్క్. రెండవది 1974లో పుట్టిన జాతీయ మురికివాడల నివాసుల సమాఖ్య. దాని నాయకుడు జోకిన్ అర్పుతం. 1976లో ముంబయిలోని జనతా కాలనీని ఖాళీ చేయించినప్పుడు ఎదిరించి పోరాడినవాడు, 2000లో మెగసేసే బహుమానము నందినవాడు, 2018లో కీర్తిశేషుడైనాడు. మూడవది మహిళా మిలన్, అనగా స్త్రీల కలయిక. బైకుల్లా కాలిబాటల యిల్లాండ్రే 1986లో దీనిని ఏర్పఱచుకొనిరి.

ఈ మూడింటి పొత్తు మనము గమనింపదగినది. చదువుకొన్నవారి సంఘము కచేరీలకు పోయి, కాగితములు వ్రాసి, అధికారులతోను బ్యాంకులతోను మాటలాడెను. సమాఖ్య వాడవాడకు తిరిగి జనమును కూడగట్టెను. స్త్రీలు డబ్బు కూడబెట్టి, ఇల్లెట్లుండవలెనో నిర్ణయించిరి. ఒకరి పని నొకరు లాగికొనకుండుటవలననే ఈ మైత్రి నిలిచినదని మా నమ్మకము. తోడికోడండ్రు కలిసి కాపురము చేసిన యిండ్లలో పెరిగిన మనకు ఈ మర్మమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

పొదుపు సంగతి వినుడు. నెలజీతము లేనివారు నెలకొకమారు డబ్బు కట్టజాలరు. కావున సంఘపు స్త్రీ యొకతె దినదినము గుడిసె గుడిసెకు పోయి, రూపాయి యైనను రెండైనను పుచ్చుకొనెడిది. చదువురాని వారికి లెక్క తెలియుటెట్లు? ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్లాస్టిక్ సంచి యిచ్చి, నాణెమునకొక రంగు చొప్పున కాగితపు ముక్కలను అందులో వేయుచుండిరి. సంచి విప్పిన నిలువ తెలియును. బిడ్డకు జ్వరము వచ్చినను, గింజలు నిండుకొన్నను ఆ సొమ్ములోనుండియే అప్పు దొరకును. వడ్డీ వ్యాపారి గడప త్రొక్కవలసిన పని లేదు. ఇంటికొఱకు కూడబెట్టునది వేఱు. మఱియు డబ్బు పుచ్చుకొను నెపమున దినమునకొకమారు ప్రతి గుడిసె కష్టమును సంఘము చెవిని బడుచుండెను. మా యభిప్రాయమున డబ్బుకంటె ఇదియే పెద్ద లాభము.

నగరమున జాగా లేదని అధికారులు చెప్పగా, ఈ స్త్రీలు నగర పటమును సంపాదించి, బస్సులెక్కి, పేదల యిండ్లకై కేటాయించిన ఖాళీ స్థలములను తామే పోయి చూచి వచ్చిరి. పిమ్మట ఇంటి నమూనాలు తలపెట్టిరి. కొలతబద్దకు బదులుగా తమ చీరలతోనే కొలుచుకొనిరి. కఱ్ఱలతోను గుడ్డతోను నిజమైన యింటి పరిమాణముననే నమూనాలు నిలిపి, అందఱిని పిలిచి చూపిరి. వారు కోరినది పదునాలుగడుగుల యెత్తుగల గది. అంత యెత్తేల యందురేమో? సగమెత్తున అటకవంటి మిద్దె వేసినచో పెద్ద పిల్లలు పైన పండుకొందురు, సామానును పెట్టుకొనవచ్చును, చిన్న స్థలములోనే రెండు గదులగును. ఈ యూహ ఏ యింజనీరునకు తోచవలెను? ఒక్క గదిలో వండి, పండుకొని, పురుడు పోసికొన్న యాడుదానికే తోచును. ఇతరులు కట్టి యిచ్చిన యిల్లెల్ల ఇల్లు కాదని లక్కయింటి కథ వినిన మనమెఱుగుదుము గదా!

ఇల్లు వెంటనే రాలేదు. ఇంట తొట్టెలో నూగిన బిడ్డలు పెండ్లికెదిగిరి. 1995లో మహారాష్ట్ర ప్రభుత్వము మురికివాడల పునరావాస పథకమును ప్రవేశపెట్టినప్పుడు కాలిబాటలవారికిని అర్హత కలిగెను. పిమ్మట మాన్‌ఖుర్ద్‌లో మిలన్ నగర్ అను పేర వారికి ఇండ్లు లేచినవి. ఈలోపల వీరి విద్యను రైలుపట్టాల ప్రక్కనున్న స్త్రీలు నేర్చికొనిరి. పట్టాలకు ఆనుకొని గుడిసెలుండుటవలన రైలుబండ్లు మెల్లగా నడచుచుండెను; బిడ్డలకు ప్రాణభయము సరేసరి. 2000, 2001 సంవత్సరములలో దాదాపు 60,000 మంది అచ్చటినుండి తరలిరి. లెక్క వ్రాసికొన్నవారు, గుంపులుగా నేర్పడినవారు, గుడిసెలు విప్పుకొన్నవారు వారే. లాఠీతో పనిలేకుండ ఇంత జనము కదలుట అరుదైన విషయము.

ఇండ్లు కట్టునప్పుడు మఱియొక చిక్కు గలదు. ప్రభుత్వపు సొమ్ము పని ముగిసినకొలది వచ్చును. ఇటుకలవాడు మాత్రము నేడే యిమ్మనును. పేదల సంఘమునకు హామీ లేక బ్యాంకు అప్పీయదు. ఈ లోటు తీర్చుటకై స్పార్క్ వారు 1998లో నిర్మాణపు పనులకు వేఱొక సంస్థను నెలకొల్పిరి. ఇంగ్లండులోని హోమ్‌లెస్ ఇంటర్నేషనల్ అను ధర్మసంస్థ బ్యాంకులకు హామీగా నిలిచెను. ధారావిలో అట్లు కొన్ని భవనములు లేచినవి. దానముగ ఇల్లీయక, అప్పు పుట్టుటకు పూచీ యుండుట గూడ గొప్ప యుపకారమే.

మంచినే చెప్పి యూరకుండుట న్యాయము కాదు. పునరావాస భవనములలో కుటుంబమునకు లభించినది 225 చదరపు అడుగులు. మాన్‌ఖుర్ద్ బైకుల్లాకు చాల దూరము. నడచి పనికి పోయినవారికి రైలు ఖర్చు తగిలినది. కొందఱి పనులే పోయినవి. అంతస్తుల మేడలో నీటి యంత్రమునకు, లిఫ్టునకు నెలనెల చెల్లింపులు వచ్చిపడినవి. ప్రభుత్వముతో చెలిమి చేసినవారు పేదలకై గట్టిగా మాటలాడజాలరని విమర్శించినవారును గలరు. ఇల్లు వచ్చిన తరువాతనే పొదుపు సంఘము మఱింత యవసరమని దీనివలన తెలియుచున్నది. ఇల్లు కట్టి చూడుమను సామెత కట్టుటతోనే ముగియదు, నిలుపుకొనియు చూడవలెను.

సోదరీమణులారా! పొదుపు సంఘములు మనకు క్రొత్తవి కావు. తెలుగునాట వానిని ఎఱుగని పల్లె యుండదు. కుట్టుయంత్రమునకును పాడిగేదెకును అప్పిచ్చు ఆ సంఘములు ఇంటి మాట గూడ ఎత్తరాదా? ఇల్లాలు నోరు విప్పి పంపగా గదా కుచేలుడు ద్వారకకు బోయెను. మేము ఇరుగుపొరుగు స్త్రీలము నలుగురము కలిసి, ఆ పెట్టె గల యామెను ముందిడుకొని, గత మాసమున కాలువ గట్టునకు పోయితిమి. అచ్చట పదునొకండు కుటుంబములు గలవు. ఎవరెప్పుడు వచ్చిరి, ఎవరికే కాగితములు గలవు అను వివరములు వ్రాసితిమి. వ్రాసినది మేమే కాని, ఎవరినెట్లు అడుగవలెనో చెప్పినది ఆమెయే. ముగ్గురికి ఆధారపు కాగితమొక్కటియు లేదు. ఆ పని మేము చేయగలము. దినమునకు ఐదు రూపాయలు కూడబెట్టు పని వారు మొదలిడిరి.

ఇల్లు ఎప్పుడు వచ్చునో మేము చెప్పజాలము. కాని మీ వీథి చివరను, మీ కాలువ గట్టునను ఎందఱిల్లాండ్రు నీడలేక యున్నారో ఒక్క సాయంకాలము పోయి లెక్క వ్రాసి చూడుడు. వారికి కావలసినదేదో వారినే యడుగుడు. మీకు చేతనైనదానిని మాత్రము మీరు తలకెత్తికొని, తక్కినది వారి చేతులలోనే యుండనిండు. ఇదియే మా ప్రార్థన.