ప్రోట్రే చెప్పే నీటి లెక్క

మదనపల్లె టమాటా మార్కెట్ సంగతి అందరూ ఎరిగిందే. ఆ టమాటా మొలిచే చోటును చూసినవాళ్లే తక్కువ. ఇటు పుంగనూరు, అటు కుప్పం దాకా షేడ్‌నెట్ నర్సరీల్లో నారు పెంచే నల్లటి ప్లాస్టిక్ పళ్లేలు, ప్రోట్రేలు, బారులు తీరి ఉంటాయి. ఎక్కువగా కనిపించేది 98 గుంతల ట్రే. గుంతకొక గింజ, అడుగున ఒక చిల్లు. మన ఇంట్లో కుండీ మొక్క ఎందుకు కుళ్లిపోతోందో తెలియాలంటే ముందు ఈ ట్రే కథ వినాలి.

ఒకప్పుడు నారంతా మడుల్లోనే. నీళ్లు కాస్త ఎక్కువైతే నారుకుళ్లు తెగులు పట్టి, మొదలు మెత్తబడి మొక్కలు వాలిపోయేవి. బతికినవాటిని పీకితే వేళ్లు సగం మట్టిలోనే తెగిపోయేవి. 1960లలో అమెరికాలోని ఫ్లోరిడాలో జార్జ్ టాడ్ అనే ఆయన తలకిందులు చేసిన పిరమిడ్ లాంటి గుంతలతో థర్మాకోల్ ట్రే చేశాడు. వేరు ఏటవాలు గోడ వెంట దిగి చిల్లు దగ్గరికి వస్తుంది. గాలి తగలగానే కొస ఎండి ఆగిపోతుంది, వెనక పిల్లవేళ్లు పుడతాయి. ట్రేను నేలకు ఆనించి పెడితే మాత్రం ఈ ఉపాయం పారదు, వేళ్లు కిందికి పాకిపోతాయి. నాటే ఈడొచ్చిన నారును మొదలు పట్టి మెల్లగా లాగి చూడండి. తెల్లటి వేళ్లు అల్లుకున్న ముద్ద మొత్తం, గుంత ఆకారం చెదరకుండా చేతికొస్తుంది.

అసలు చిక్కు నీళ్ల దగ్గరుంది. చిల్లు ఉన్నంత మాత్రాన నీరంతా కారిపోదు. మట్టి రేణువుల మధ్య సందులు నీటిని పట్టి ఉంచుతాయి. ఒక మిల్లీమీటరు సందు సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు నీటిని ఆపగలదు, అర మిల్లీమీటరు సందు 6 సెంటీమీటర్లు. ట్రే గుంత లోతు దాదాపు 4 సెంటీమీటర్లే. అంటే ముప్పాతిక మిల్లీమీటరు కన్నా సన్నటి సందులన్నీ, నీళ్లు పోశాక పైదాకా నిండే ఉంటాయి. వేరుకు గాలి ఎక్కడిది? తడి స్పాంజిని పళ్లెంలో పడుకోబెట్టి, కారడం ఆగాక నిలువుగా నిలబెట్టండి, ఎత్తు పెరిగేసరికి మళ్లీ నీరు కారుతుంది. ఒకే మట్టి వేసినా పొట్టి కుండీ ఎక్కువ మురగడానికి కారణం ఇదే.

కుండీ అడుగున గులకరాళ్లు వేయమని చెప్పేవాళ్లు ఇంటికొకరుంటారు. నా మటుకు అది చెడ్డ సలహా. సన్నమట్టి పూర్తిగా తడిసి నిండేదాకా అందులోని నీరు రాళ్ల మధ్య పెద్ద సందుల్లోకి దిగదు. రాళ్లు పోసినంత మేర మురుగు పొర ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది, అంతే.

అందుకే మార్చాల్సింది మట్టినే. ఈ ప్రాంతపు ఎర్రమట్టి పొలంలో బాగానే ఉంటుంది, కుండీలో ఒట్టిగా వేస్తే మాత్రం ఆరి గట్టిపడుతుంది. నర్సరీలు పట్టుకున్నది కోకోపీట్‌ను. కొబ్బరిపీచు మిల్లుల పక్కన ఒకనాడు చెత్తగా గుట్టలు పడిన పొట్టు ఇది. దాని రేణువులు నీటిని తమ కడుపులోనే దాచుకుంటాయి, రేణువుల మధ్య గాలికి చోటు మిగులుతుంది. గట్టిగా అదిమితే ఆ చోటు పోతుంది, కాబట్టి పని తెలిసిన కూలీలు గుంతల్ని వదులుగా నింపుతారు. ఉప్పు శాతం ఎక్కువున్న పొట్టయితే ముందు కడిగి తీరాలి, లేకపోతే లేతవేళ్లు మాడతాయి.

కోకోపీట్‌కు తోడుగా వేసేవీ ఉన్నాయి. కుప్పానికి ఆవల, తమిళనాడులోని సేవత్తూరులో వర్మిక్యులైట్ గనులున్నాయి. ఆ రాయిని బాగా కాలిస్తే లోపలి నీరు ఆవిరై పొరలు విచ్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కోకోపీట్‌లో దాన్నో, పెర్లైట్ అనే తేలికరాయినో కలపడం మామూలే. ఇంటి కుండీకైతే కడిగిన ముతక ఇసుక కూడా పనికొస్తుంది, సన్న ఇసుక మాత్రం సందుల్ని పూడ్చేస్తుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీటిని అరగంటలో పారబోయండి. చిల్లు మునిగి ఉన్నంతసేపు, ఎంత మంచి మిశ్రమమైనా అడుగున గాలి ఆడదు.